రెండో గీత దగ్గర గాటు

1890 జనవరి 21

గెలిచాం.

రహస్య ఓటు బిల్లు నెగ్గిందని మధ్యాహ్నం తంతి వచ్చింది. పదకొండేళ్ళుగా నా పత్రిక 'సమ్మెట'లో వారం వారం నేను అరిచిన అరుపు చట్టమైంది. ఇక పార్టీకో రంగు చీటీ ఉండదు. పోటీలో ఉన్నవాళ్ళందరి పేర్లూ ప్రభుత్వమే ఒక్క కాగితం మీద అచ్చు వేయిస్తుంది. ఓటరు తెర వెనక్కి వెళ్ళి, తనకు కావలసిన పేరు పక్కన ఇంటూ గుర్తు పెట్టి, మడిచి పెట్టెలో వేసి వస్తాడు. ఎవడూ చూడడు. చూడలేడు.

ఇనుము కంపెనీ మేస్త్రీలు ఇప్పుడేం చేస్తారో చూడాలి. ఇన్నాళ్ళూ పెట్టె పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. కొలిమి కూలీ చేతిలో మన కూలీల సంఘం పసుపు చీటీ ఉందా, వాళ్ళ తెల్ల చీటీ ఉందా అని చూసి పేర్లు రాసుకున్నారు. '86లో గిడియన్ పెటిగ్రూ పసుపు చీటీ చేతిలో పట్టుకుని వరసలో నిలబడ్డాడు. దాచుకో అన్నాను. "ఎందుకు దాచాలి? దొంగసొత్తా?" అన్నాడు. మర్నాడు కొలిమి గేటు అతనికి తెరుచుకోలేదు. తొమ్మిదేళ్ళు కరిగిన ఇనుము పక్కన బతికినవాడు ఆ రోజు నుంచి బొగ్గుబండి తోలుకుంటున్నాడు.

ఈ చట్టం అతని కోసం తెచ్చాను. అవును, నేనే తెచ్చాను. వినయం నాకు చేతకాదు, ఇవాళ అసలు చేతకాదు.

శాసనసభలో ఎవరో సభ్యుడు నా సంపాదకీయంలో ఒక వాక్యం చదివి వినిపించాడట. ఏ వాక్యమో తంతిలో లేదు.

జనవరి 27

చట్టం పూర్తి పాఠం టపాలో వచ్చింది. రెండుసార్లు చదివాను.

పదమూడో క్లాజు బాగాలేదు. చదవడం రానివాడికి పోలింగు అధికారి సాయం చేయకూడదు. కానీ ఉత్తర దక్షిణ రాష్ట్రాల యుద్ధానికి నాలుగేళ్ళ ముందే ఓటరుగా ఉన్నవాడికి చేయవచ్చు. యుద్ధానికి నాలుగేళ్ళ ముందు గిడియన్ ఎవరిదో పత్తిచేలో ఎవరిదో ఆస్తి. ఊరి దిగువన పల్లంలో ఉండే నల్లవాళ్ళంతా అంతే. పదమూడో క్లాజు ఎవరికోసం రాశారో తెలియనంత వెర్రివాణ్ణి కాను.

అయినా చిన్న విషయం. వచ్చే సమావేశాల్లో సవరణ పెట్టించవచ్చు. ఇంత గెలుపులో ఒక మరక.

చిన్న విషయం.

ఫిబ్రవరి 2, ఆదివారం

పల్లంలో గిడియన్ ఇంట్లో భోజనం. మొక్కజొన్న రొట్టె, బొబ్బర్లు, పందికొవ్వు. గిన్నెలో నీళ్ళు పోసి ఇచ్చేముందు అతని కూతురు లవీనియా ఆ నీళ్ళు కాచి చల్లార్చింది. పోయిన ఆగస్టు నుంచి ఆ ఇంట్లో పచ్చినీళ్ళు ఎవరూ తాగరు. ఆగస్టులో పల్లంలో విషజ్వరం ముప్పై ఒక్కమందిని తీసుకుపోయింది. గిడియన్ భార్య డోర్కస్ అందులో పన్నెండో మనిషి. కొండమీది చెరువు నుంచి నీటిగొట్టం దిగి వచ్చి కంపెనీ మేనేజరు గులాబీ తోట దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి పల్లానికి అరమైలు. ఆ అరమైలు కోసమే ఈ ఎన్నిక. నగర కౌన్సిల్లో గొట్టం వేయాలనేవాళ్ళు నలుగురు, వద్దనేవాళ్ళు నలుగురు. తొమ్మిదో మనిషి ఐదో వార్డు నుంచి రావాలి. పల్లం ఉన్నది ఐదో వార్డులో. మన తరఫున గిడియన్, కంపెనీ తరఫున వాళ్ళ దుకాణం మేనేజరు సైలస్ డర్వుడ్. ఏప్రిల్ పదిహేనున పోలింగు.

రొట్టె విరుస్తుండగా లవీనియా అడిగింది. "ఎడిటర్ గారూ, చట్టం చదివారా?"

"చదవడమేమిటమ్మా, సగం నా మాటలే అందులో."

"ఏ సగం? సాయం చేయకూడదనే సగమా?"

గిడియన్ నవ్వాడు. "లవీ, పాపం ఆయన గెలిచి వచ్చాడు. రెండు రోజులు సంతోషపడనీవే."

"పడనిస్తాను నాన్నా. మన వార్డులో ఓటున్న మగాళ్ళు ఐదొందలపైన. అందులో చదవడం వచ్చినవాళ్ళు నూట ఇరవై. మిగతావాళ్ళు తెర వెనక్కి వెళ్ళి ఏం చేయాలి? మోకాళ్ళమీద పడి ప్రార్థన చేసుకోవాలా?"

పసుపు చీటీ ఉన్నప్పుడు చదవనక్కర్లేదు, రంగు చూసి వేసేవారు. నాకు తెలియనిదా అది? నాకు తెలియదన్నట్టు చెబుతుంది. ఆపైన లోపలికి వెళ్ళి రాజధాని పత్రిక ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. శాసనసభలో చదివిన వాక్యం అందులో ఉంది. '88లో రాసింది. "తన ఓటును తాను చదువుకోలేని మనిషి ఓటు వేయడం లేదు, ఇంకొకడి చేతికి వేలుగా పనికొస్తున్నాడు." నేను రాసింది మేస్త్రీల మీద. వాళ్ళు దాన్ని పదమూడో క్లాజుకి ఊతంగా వాడుకున్నారు. మాటని ఎవడైనా ఎత్తుకుపోతాడు, దానికి రాసినవాడిదా తప్పు?

అదే అడిగాను. లవీనియా పత్రిక మడిచి దాచుకుంది.

చర్చిలో ఆదివారం బడి పెడుతుందట. మొత్తం అక్షరమాల కాదు. తండ్రి ఇంటిపేరు ఒక్కటి, కాగితంమీద ఎక్కడున్నా గుర్తుపట్టేలా.

ఫిబ్రవరి 16, ఆదివారం

బడి చూడటానికి వెళ్ళాను. అరవై మంది దాకా వచ్చారు. పెటిగ్రూలో మొదటి అక్షరం P ని లవీనియా బల్లంత పెద్దగా రాసింది. మొదటి వరసలో ముసలి ఈనాక్. కొలిమి నిప్పురవ్వ పడి ఒక కన్ను తెల్లబారిపోయింది. రెండో కంటితో చాలాసేపు చూశాడు.

"భుజంమీద మూట పెట్టుకుని నిలబడ్డవాడిలా ఉన్నాడమ్మా," అన్నాడు.

"అచ్చం అంతే, తాతా."

"అయితే ఎక్కడున్నా పోల్చుకుంటా. నలభై ఏళ్ళు వాడే నేను."

అందరూ నవ్వారు. అప్పటినుంచి బడిలో ఆ అక్షరం పేరు మూటవాడు. డర్వుడ్ మొదటి అక్షరం D కి కడుపుబ్బినవాడు అని పెట్టుకున్నారు. అది రాసి చూపించినప్పుడు ఇంకా నవ్వారు, డర్వుడ్ పొట్ట ఊరందరికీ తెలుసు.

మార్చి 9

నాలుగు ఆదివారాలైంది. ఖచ్చితంగా గుర్తుపట్టగలిగేవాళ్ళు ఇరవై ఆరుగురు. ఇరవై ఆరు! ఈ లెక్కన నాలుగు వందలమందికి ఎప్పటికవుతుంది? పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చినవాళ్ళు బెంచీలమీదే నిద్రపోతున్నారు. షిఫ్టు మారే ఆదివారమైతే ఇరవై నాలుగు గంటలు కొలిమి ముందు నిలబడి వస్తారు. ఆ కళ్ళకి అక్షరం ఆనుతుందా? మనిషి నడుం విరగ్గొట్టి, ఆ తర్వాత చదువు రాలేదని ఓటు లాక్కోవడం! దీనిమీద రాస్తాను. మూడు కాలమ్‌లు రాస్తాను.

లవీనియా ఓపిక చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఓపిక మనకు శత్రువులు నేర్పిన గుణం.

మార్చి 16

దొరికింది! గడ్డం గీసుకుంటుంటే తట్టింది, సగం గడ్డంతోనే ప్రెస్సుకి పరుగెత్తాను. హెస్టర్ నన్ను చూసి "ఏ సగం సంస్కరణ, ఏ సగం పాతదీ?" అంది. నా భార్యకి వేళాకోళానికి వేళాపాళా లేదు.

చట్టం ప్రకారం పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో ఉండాలి. ఉన్నది ఇద్దరు. డర్వుడ్ పైన, పెటిగ్రూ కింద. ఎప్పటికీ రెండో గీతే. శుభలేఖల అట్టని కాగితమంత పొడవు ముక్కలుగా కోసి, రెండో గీత దగ్గర అంచున గాటు పెడితే చాలు. అట్టను కాగితం అంచుకి ఆనించాలి, గాటు ఎక్కడుంటే అక్కడ ఇంటూ గుర్తు పెట్టాలి. అట్ట టోపీలో దాచుకుని పోవచ్చు. అక్షరం అక్కర్లేదు, కన్ను అక్కర్లేదు, గాటుని వేలితో తడిమినా చాలు.

మా కంపోజిటర్ ఆల్విన్‌తో కలిసి సాయంత్రానికి మూడు వందల యాభై కోశాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. ఇంత సంతోషం ఈ ఏడాది ఎరగను.

మార్చి 23

లవీనియాతో గొడవ. చర్చిలో అందరిముందూ.

"పేర్లు మారితే?" అంది.

"ఎందుకు మారతాయి?"

"నామినేషన్ల గడువు ఏప్రిల్ మూడు దాకా ఉంది కదండీ."

"ఇంకెవడొస్తాడు? అమ్మాయ్, ఈ చట్టం రాయించినవాణ్ణి నేను. నాకు నేర్పుతావా?"

"మీకెవరు నేర్పగలరు లెండి. కానీ అట్ట చేతికొచ్చాక ఇక నా బడికి ఎవరొస్తారు?"

"బడి తర్వాత. ముందు నీళ్ళు."

ఆ పిల్ల నావైపు నిలకడగా చూసింది. గొంతు పెంచలేదు. "వేలుగా పనికొస్తున్నాడని రాశారు. ఇప్పుడు వీళ్ళు మీ వేళ్ళు, అంతే కదా?"

జవాబు చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. గట్టిగా చెప్పాను.

మార్చి 30

సంఘం గదిలో చేతులెత్తించాం. అట్టలకే ఎక్కువ చేతులు లేచాయి. గిడియన్ చివరిదాకా మాట్లాడలేదు. లేచి, నావైపు చెయ్యి చూపి "బ్రదర్ ట్రిప్లెట్ చట్టం తెలిసిన మనిషి" అన్నాడు, కూర్చున్నాడు. సంఘంలో అందరం బ్రదర్లమే, అతనూ నేనూ కూడా. వీధిలో మాత్రం నన్ను అయ్యా అంటాడు. ఎన్నిసార్లు వద్దన్నా "మీకేం, మీరు అనొచ్చు. వినేవాళ్ళు వింటారు" అంటాడు. గదిలో ఆ బ్రదర్ అన్న మాట వింటే నాకు ఛాతీ ఇంత అవుతుంది. రాసుకోవడానికి సిగ్గేముంది.

బడికి ఇవాళ వచ్చింది నలభై మందే. లవీనియా ఆపలేదు.

ఏప్రిల్ 3

డర్వుడ్ మీద సంపాదకీయం. పిండిలో సుద్ద కలిపి అమ్మే దుకాణం మేనేజరు ప్రజాప్రతినిధా? కలం ఆగడం లేదు. ఎన్నాళ్ళయిందో ఇలా రాసి. మధ్యలో కౌంటీ గుమస్తా వచ్చి నాలుగో పేజీకి ప్రభుత్వ నోటీసులు పడేసి పోయాడు, వాడి ముఖంలో ఏదో నవ్వు. నా రాత చూసి భయపడే నవ్వు. కాగితాలు ఆల్విన్ బల్లమీదికి తోశాను.

ఏప్రిల్ 4

ఆఖరి ప్రూఫులు. ఆల్విన్ వచ్చి ఏదో అడిగాడు. ఊఁ అన్నాను.

ఏప్రిల్ 5, శనివారం

సంచిక దివ్యంగా వచ్చింది. ఊరంతా నా సంపాదకీయమే. హెస్టర్ మాత్రం "నాలుగో పేజీలో మా చర్చి కేకుల అమ్మకం ప్రకటన వేశారా, చూశారా?" అని అడిగింది. చూశాను, వేశారు అన్నాను. వేసే ఉంటారు.

ఏప్రిల్ 13, ఆదివారం

చర్చిలో ఉత్తుత్తి పోలింగు. నేనే నమూనా కాగితాలు అచ్చు వేసి తెచ్చాను, రెండు పేర్లతో, చట్టం చెప్పినట్టే. మూడు వందల మంది అట్టలతో గుర్తు పెట్టారు. ఒక్కడూ తప్పలేదు. ఒక్కడూ! లవీనియా వెనక బెంచీలో కూర్చుని చూసింది. బయటికి వస్తుంటే "బాగుంది, ఎడిటర్ గారూ" అంది. వెటకారం లేదు అందులో. ఆగస్టుకి నీళ్ళొస్తే చాలు అనుకునే మనిషి ముఖం అది. గెలుస్తాం.

ఏప్రిల్ 15

వరసగా రాస్తాను. జరిగింది జరిగినట్టు.

పొద్దున్న మా రెండో వార్డులో నా ఓటు వేసి ఎనిమిదిన్నరకి ఐదో వార్డుకి వెళ్ళాను. పోలింగు గదికి ముప్పై అడుగుల దూరంలో తాడు కట్టారు, ఓటర్లు కానివాళ్ళు దాటకూడదు. పోటీదారు అసలు అక్కడ ఉండకూడదు, గిడియన్ బండి తోలుకుంటున్నాడు. ఆడవాళ్ళు రాలేదు. మనవైపు తాడు దగ్గర ఉన్నది నేనొక్కణ్ణే.

అప్పటికే వరసలో రెండు వందలమంది ఉంటారు. మొదటి పదిమందిలో ఈనాక్ లోపలికి వెళ్ళి వచ్చాడు. ఇంటికి పోకుండా తాడు దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, మూటవాడు మూడో గీతలో ఉన్నాడు."

"రెండో గీత, ఈనాక్."

"రెండో గీతలో కడుపుబ్బినవాడున్నాడయ్యా. మొదటిదాంట్లో ఇంకెవడో. నిచ్చెనలాంటివాడు, నడుమ ఒక మెట్టు. మనవాడు వాళ్ళిద్దరి కిందా."

వరస అంతా వింటోంది. టోపీల కింద అట్టలు. ఒక్కొక్కడూ నావైపు తిరిగాడు.

ఇప్పుడు నిజం రాయాలి. ఆ క్షణాన నాకు అనుమానం రాలేదా? వచ్చింది.  కానీ మూడు వందల యాభై అట్టలు నా వేళ్ళతో కోశాను. ఆదివారం ఒక్కడూ తప్పలేదు. ఎదురుగా ఉన్నది ఒంటికన్ను ముసలివాడు, అక్షరాలు వచ్చి ఎనిమిది వారాలు.

"పైన శీర్షిక చూసి పేరనుకున్నావు, ఈనాక్," అన్నాను. తర్వాత వరస వైపు తిరిగి, గట్టిగా, నా సభల గొంతుతో అన్నాను: "గాటునే నమ్మండి. రెండో గీత!"

వాళ్ళు తలూపారు.

ఈనాక్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేను మూటవాడికే వేశానయ్యా. కోప్పడకండి," అన్నాడు.

"కోపం లేదు," అన్నాను. ఉదారంగా అన్నాను. పోయింది ఒక్క ఓటే కదా అనుకున్నాను.

నాలుగున్నరకి లెక్క మొదలైంది. గుమస్తా బయట మెట్లమీద నిలబడి మొదటి కాగితం చదివాడు. డర్వుడ్. రెండోది డర్వుడ్. తర్వాతది ఆష్‌బీ. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. ఆష్‌బీ ఎవరని పక్కవాణ్ణి అడిగాను. గుర్రాలశాల వాడు, కంపెనీ గుర్రాలకి నాడాలు కొడతాడు అన్నాడు.

ఆష్‌బీ, డర్వుడ్, పెటిగ్రూ. అక్షరక్రమం.

డర్వుడ్ 388. పెటిగ్రూ 151. ఆష్‌బీ 9.

ఏప్రిల్ 16

ఇది దొంగతనం. ఓటు కాగితాన్ని చివరి క్షణంలో రహస్యంగా మార్చారు. రహస్యంగా! ఉద్దేశపూర్వకంగా! కోర్టుకి వెళతాను. వీధిలో నిలబడి అదే చెప్పాను. గొంతు పోయేదాకా చెప్పాను. ఎవరికీ చెప్పకుండా, ఏ ప్రకటనా లేకుండా మూడో మనిషిని చొప్పించడం ఏ చట్టంలో ఉంది? నాలుగు కాలమ్‌ల సంపాదకీయం రాసి ఆల్విన్‌కిచ్చాను. ఆల్విన్ అక్షరాలు కూర్చకుండా దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఏమిటి అని అరిచాను. ఏం లేదు అన్నాడు.

ఏప్రిల్ 17

ప్రెస్సు తలుపు తీస్తే మెట్లమీద అట్టలు. ఒకదానిమీద ఒకటి, చక్కగా సర్ది. రెండు వందల పైన ఉంటాయి. ఎవరూ ఏమీ రాయలేదు, రాయడం రాదు కదా.

ఎత్తి లోపల పెట్టి కూర్చున్నాక ఆల్విన్ వచ్చాడు. ఏప్రిల్ ఐదు సంచిక నా బల్లమీద పెట్టాడు. నాలుగో పేజీ పైకి వచ్చేలా మడిచి.

"ఆ రోజు అడిగానండీ. ప్రభుత్వ నోటీసు ప్రూఫు చూస్తారా అని. ఊఁ అన్నారు. చూశారనుకున్నాను."

"నువ్వు కూర్చావు కదా! నీకు తెలియలేదా?"

"అక్షరం అక్షరంగా కూరుస్తానండీ. అర్థాలు మీరు చూసుకుంటారుగా."

తిట్టడానికి నోరు తెరిచాను. మూసుకుని పేజీ దగ్గరికి లాక్కున్నాను.

అప్పుడు గిడియన్ వచ్చాడు. అతని వెనకే లవీనియా, గుమ్మం దగ్గరే ఆగింది. గిడియన్ టోపీ తీశాడు. ఈ గదిలో అతను టోపీ తీయడం నేనెప్పుడూ చూడలేదు.

"కోర్టుకి వెళతామంటున్నారట. రహస్యంగా మార్చారని."

నేను పేజీని చేత్తో కప్పాను. యాభై రెండేళ్ళవాణ్ణి, పిల్లవాడు పగలగొట్టిన సీసా దాచినట్టు కప్పాను. గిడియన్ నా చెయ్యి పక్కకి జరిపాడు, మెల్లగా.

"చదవండి. నేను కూడబలుక్కుని చదవగలను. కానీ మీ నోట వినాలని ఉంది."

చదివాను. "కౌంటీ ఎన్నికల అధికారి ప్రకటన. ఐదో వార్డు కౌన్సిల్ సభ్యత్వానికి సక్రమంగా నామినేషన్ వేసినవారు: ఒకటి, ఎబెన్ ఆష్‌బీ. రెండు, సైలస్ డర్వుడ్. మూడు, గిడియన్ పెటిగ్రూ. ఓటు కాగితంమీద పేర్లు ఈ వరసలోనే ఉండును." కింద నా పత్రిక పేరు. దాని కింద హెస్టర్ కేకుల అమ్మకం.

"ఊళ్ళో ఇంకో రెండు పత్రికలున్నాయి," అన్నాడు గిడియన్. "మనకే తెచ్చి ఇచ్చారు. ఎందుకో తెలుసా?"

నేను పేజీ వైపే చూశాను.

"మీరు చదవరని వాళ్ళకి తెలుసు."

లవీనియా వైపు చూశాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. నా బతుకంతా తిట్లమీదే నడిచింది, తిట్టేవాళ్ళతో నాకు బలం. ఆమె అంది కదా, "నా తప్పు కూడా ఉందండీ. మీ పత్రిక నేను మొదటి పేజీ చదివి పక్కన పెట్టేదాన్ని. మిగతాది మీరు చూసుకుంటారనుకున్నాను."

గిడియన్ టోపీ పెట్టుకున్నాడు.

"వస్తామయ్యా," అన్నాడు.

గదిలో. తలుపు వేసి ఉంది. వినే బయటివాళ్ళెవరూ లేరు.

ఏప్రిల్ 19

నాలుగు కాలమ్‌ల సంపాదకీయం పొయ్యిలో వేశాను. దాని చోట ఏమీ రాయలేకపోయాను. హెస్టర్ చెప్పినట్టు అక్కడ ఒక టోపీల దుకాణం ప్రకటన వేశాం.

మే 6

కౌన్సిల్లో నీటిగొట్టం తీర్మానం. అనుకూలం నాలుగు, వ్యతిరేకం ఐదు. డర్వుడ్ చెయ్యెత్తేటప్పుడు నావైపు చూసి కన్ను గీటాడు. పదమూడో క్లాజు సవరణ గురించి శాసనసభ్యుడికి రాసిన ఉత్తరానికి జవాబు వచ్చింది. క్లాజు అద్భుతంగా పనిచేస్తోందట. నా వాక్యం మళ్ళీ ఉదహరించాడు, ధన్యవాదాలతో.

మే 11, ఆదివారం

బడి దగ్గరికి వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. కిటికీలోంచి కనిపించింది. పదిహేడు మంది. ఈసారి మొత్తం అక్షరమాల. ఈనాక్ మొదటి వరసలో. లవీనియా నన్ను చూసింది, తల ఊపింది, పాఠం ఆపలేదు.

మే 12

అక్షరాలు నేర్పడానికి నేనూ రావచ్చా అని ఉత్తరం రాశాను. చించేశాను. మొదట క్షమాపణ రాయాలి. క్షమాపణ మొదలుపెడితే అందులో వాదన దూరుతోంది. పదమూడో క్లాజు నేను రాయలేదు కదా అని ఒక వాక్యం. ఆష్‌బీని నేను నిలబెట్టలేదు కదా అని ఒకటి. చింపేశాను. మూడుసార్లు.

జూన్ 24

వేడి. పల్లం వాగు పారడం ఆగి పచ్చగా నిలిచింది. కొలిమి మురుగు అందులోకే.

జూలై 3

పల్లంలో జ్వరం. నలుగురు.

జూలై 8

ఈనాక్.

జూలై 9

లవీనియా ఇంటింటికీ తిరిగి నీళ్ళు కాచి ఇస్తోందని, జ్వరం వచ్చినవాళ్ళ దగ్గరే ఉంటోందని ఆల్విన్ చెప్పాడు. కాచిన నీళ్ళే తాగుతుంది కదా. ఆమెకేం కాదు. జాగ్రత్త తెలిసిన పిల్ల.

జూలై 13

ఆమెకేం కాదు.

జూలై 16

గిడియన్ ఇంటి గుమ్మం దాకా వెళ్ళాను. మంచుగడ్డ పట్టుకెళ్ళాను. గిడియన్ తీసుకున్నాడు. లోపలికి రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు. "నిద్రపోతోంది" అన్నాడు. లోపలినుంచి ఆమె గొంతు వినిపించింది, ఎవరికో పాఠం చెబుతున్నట్టు, ఒక్కో అక్షరం విడివిడిగా. జ్వరంలో.

జూలై 18

నాలుగో పేజీ ఇప్పుడు ముందు చదువుతున్నాను. ప్రతి వారం. సంపాదకీయం కన్నా ముందు. పోయినవాళ్ళ పేర్లు అక్కడే వేస్తాం. ఈ వారం పల్లం నుంచి పదకొండు.

ఆల్విన్ "నేను కూరుస్తానండీ, మీరు ఇంటికి వెళ్ళండి" అన్నాడు. వద్దన్నాను. ఒక్క పేరు మాత్రం నేనే కూర్చాను. అక్షరాలు వేళ్ళకి చల్లగా తగిలాయి. సీసపు అచ్చుల్లో అక్షరాలన్నీ కుడి ఎడమలు తారుమారవుతాయి కదా. మూటవాడి మూట రెండో భుజంమీదికి మారింది, అంతే. దించుకోలేదు.

లవీనియా పెటిగ్రూ, ఇరవై మూడేళ్ళు, ఉపాధ్యాయిని, ఐదో వార్డు.

ప్రూఫు తీసి చదివాను. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి మళ్ళీ చదివాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను.

తప్పు ఒక్కటీ లేదు.